పెన్సిల్ గీత

మే నెలాఖరు. నోవా స్కోషియా తీరం. పొద్దున్న ఏడున్నర.
స్టోనీ కోవ్ ఫైర్ హాలు వెనక
కంకర నేల మీద గొట్టాలు పరిచాం.
ఒక్కొక్కటి యాభై అడుగులు,
ఆరింటిని కలిపితే ఒక వరస.
మడతలు విప్పుతుంటే
ఒకదాంట్లోంచి ఎండిన పైన్ సూదులు,
ఇంకోదాంట్లోంచి పోయినేటి పొగ వాసన,
మూడోదాంట్లోంచి ఎవరిదో చేతితొడుగు, ఎడమది.

కంచె అవతల పిల్లలు పాములంటున్నారు.
అననీ.
పామైతే దాని దారి అది చూసుకుంటుంది.
ఇది మనం ఈడ్చిన చోటికే వస్తుంది,
మంటల్లోకైనా సరే.

పన్నెండేళ్లుగా నా పని ఇదే:
కప్లింగ్ అంచున, గుడ్డ మొదలయ్యే చోట
చుట్టూతా పెన్సిల్‌తో ఒక గీత.
తర్వాత నీళ్లు.
లోపలి గాలి పోయేదాకా కొస తెరిచే ఉంచాలి,
దగ్గుతుంది, ఉమ్ముతుంది, సర్దుకుంటుంది.
మూసేశాక పంపు గొంతు మారుతుంది.
నూరు. నూటయాభై. రెండువందలు.
చాపలా పడున్న గుడ్డ
ఒళ్లు విరుచుకుని గుండ్రబడుతుంది.
మూడువందల దగ్గర ఐదు నిమిషాలు.
ఆ ఐదు నిమిషాలూ ఎవరూ దాన్ని దాటకూడదు.
ఊడొచ్చిన ఇత్తడి మోకాలిచిప్పనే వెతుక్కుంటుంది.
డిగ్బీలో మా మేనమామ లియోనెల్‌ని అడగండి,
వాన పడేముందు ఆయన కాలికే తెలుస్తుంది.

పదిహేడో నంబరు దగ్గర మెర్ల్ కోర్కమ్ ఆగిపోయాడు.
ఇక్కడ చీఫ్. మిగతా రోజుల్లో లాబ్‌స్టర్ బోటు.
"బెర్నడెట్, దీన్ని కొంచెం మెల్లగా" అన్నాడు.
మెల్లగా అనే అంకె నా మీటరులో లేదు.

చేపల ఫ్యాక్టరీ తగలబడ్డ రాత్రి
తన చెయ్యి తనకే కనపడని పొగలో
బోర్లా పడి, దీన్నే తడుముకుంటూ పాకాడట.
కప్లింగ్ తగిలింది.
తొడుగులోంచే వేళ్లతో చదివాడు:
పొట్టి పళ్లున్న వైపు మంట,
పొడుగు పళ్లున్న వైపు వాకిలి.
తప్పు చదివుంటే
ఇవాళ ఈ కాఫీ ఆయన చేతిలో ఉండేది కాదు.

ఐదు నిమిషాలు.
చెమ్మ లేదు. ఉబ్బు లేదు. ఒక్క చుక్క లేదు.
మెర్ల్ ఊపిరి వదిలాడు.
నీళ్లు దించేసి, మోకాళ్ల మీద వంగి చూశాను.
ఇత్తడికీ నా గీతకీ మధ్య
బార్లీ గింజంత జాగా.

"ఇంతేనా?"
"ఇంతే."
"కారలేదుగా."
"కారలేదు."
"ఇంకో ఏడాది..."

ఈ ఏడు ఒక గింజ. పై ఏడు ఇంకో గింజ.
ఒక రాత్రి ఇత్తడి ఒకచోటా గుడ్డ ఒకచోటా,
నడుమ ఎవరో.
ఆ ఎవరో ఎలా ఉంటుందో
తల తిప్పితే చాలు, కనిపిస్తూనే ఉంది:
పంపు దగ్గర నిలబడి ముల్లు చదువుతున్న డార్సీ,
మెర్ల్ కూతురు, చేరి మూడు నెలలు,
హెల్మెట్ ఇంకా చెవుల మీదికి జారుతోంది.
నేను తల తిప్పలేదు.
జేబులోంచి ఎర్ర చీటీ తీశాను.

రంపం ఆయనే అడిగాడు.
కోసిన కప్లింగ్‌ని దాచుకుంటాడేమో అనుకున్నా.
పాత ఇనుము బకెట్లోకి గిరాటేశాడు, అటు చూడకుండానే.
గుడ్డ మాత్రం చుట్టచుట్టి చంకన పెట్టుకున్నాడు:
రేవులో బోటు తాడు రాతికి రాసుకునే చోట
తొడుగు వేస్తాడట.

కంకరలోంచి నీళ్లు సన్నగా
సముద్రం వైపే పోతున్నాయి, పనుందన్నట్టు.
నేను పద్దెనిమిదో దాని దగ్గర కూర్చుని
పెన్సిల్ చెక్కుకున్నాను.

సాయంత్రం కాగితం:
మొత్తం నలభై మూడు. నిలిచినవి నలభై. పోయినవి మూడు.
'కారణం' అన్న గడిలో ఒక్క మాటే పడుతుంది.
జారింది, అని రాశాను.

చేతితొడుగు ఎవరిదో తేలలేదు.
కంచె మేకుకి తగిలించి వచ్చాను,
వేళ్లు కిందికి, ఆరడానికి.