గొళ్లెం

మచ్చగిరి పోయిన మూడో నాడు
తానాల అర్ర గొళ్లెం పీకింది మేమే.
వడ్ల యాదగిరి సుత్తె తెచ్చిండు,
నేను టార్చి పట్టిన.
అండాలును ఒంటిగ ఇడవొద్దన్నరు.
నీళ్ల ట్యాంకరు కాడ పెట్టుకున్నట్టు వంతులు పెట్టుకున్నం.
పొద్దుగాల మల్లమ్మ, పగటీలి మా ఆమె,
రాత్రి ముగ్గురం, తలుపుకు అడ్డంగ.

ఇరువై నాలుగేండ్ల పిల్ల, కడుపు పండలే,
గసొంటోళ్లే ఏమన్న జేసుకుంటరని
మిల్లు కాడ హమాలీలు చెప్పిండ్రు, కిరాణం సేటు చెప్పిండు,
ఆఖరికి హాలియా బస్సుల కండక్టరు గూడ చెప్పిండు.
ఏం జేసుకుంటరో మాత్రం ఎవ్వరూ అనలే.
ఆ మాట నోట్లెకొస్తే
ఇంట్లకొస్తదని మా భయం.
ఆమె ఏడిస్తే "అమ్మో" అన్నం,
ఏడ్వకుంటే "అమ్మో అమ్మో" అన్నం.
ఒకపాలి నవ్వింది,
మేకపిల్ల చాపెక్కి తుమ్మితే.
ఆ రాత్రి కాపలాకు ఇంకొకల్ని కలిపినం.

గాలయ్య దిక్కు ఎవ్వలం సూడలే.
కొడుకును మట్టిల పెట్టొచ్చిన వారానికే
బత్తాయి తోటకు నీళ్లు మలిపిండు,
టెంటోని పైసలు అణా తప్పకుంట కట్టిండు.
"గుండెగల్లోడు" అన్నం.
"మొగోడంటే గట్లుండాలె" అన్నం.
బర్రెనమ్మితే ఖర్చులకనుకున్నం.
చేతి గడియారం ఇప్పి నా కొడుక్కిచ్చిండు:
"నాకెందుకిగ."
నేను దండం పెట్టి మరీ తీసుకున్న.

పదకొండొద్దులైనంక ఒక నడిరాత్రి
మేం కావలి గాసే పిల్లే లేచింది.
మా మీదికెల్లి దాటింది. మేం గురక.
సగం నిద్రల మా ఆమె ఇన్నది:
"మామా,
సచ్చిపోవాలనిపిస్తుందా?"

గంతే.
సల్ల పోయాల్నా అని అడిగినట్టు.
రేకులు కూలలే. కుక్క మొరగలే.
చానాసేపటికి ముసలోడు
"అవ్ బిడ్డ" అన్నడు.
ఇగ అప్పుడు ఏడ్సిండు, పదకొండొద్దుల ఏడుపు.
తెల్లారేదాక ఇద్దరూ మాట్లాడుకున్నరు.
ఏం మాట్లాడుకున్నరో మా ఆమె నాకు చెప్పది.

పొద్దున్నే నల్లగొండ పెద్దాసుపత్రికి పొయ్యిండ్రు.
ఇప్పటికీ నెలకోపాలి పోతరు,
కిటికీ కాడ ఆయన, ఒళ్లె సంచితోని ఆమె.
గడియారం వాపసు ఇద్దామని పోతే
"వచ్చే ఆదివారం తే, సెల్లు మార్పియ్యాలె" అన్నడు గాలయ్య.
అరుగు దిగుతుంటే అండాలు పిలిచింది.
"బావా, గొళ్లెం ఏడవెట్టిండ్రు?
తానం జెయ్యాలంటే ఎన్నొద్దులు
బకెట అడ్డం పెట్టుకోవాలె?"

గొళ్లెం నా అంగి జేబులనే ఉన్నది.
మొలలు మాత్రం
ఎంత దేవులాడినా దొరుకుతలెవ్వు.