లాకు రిజిష్టరు

కొత్తిల్లు కట్టిన తమ్ముడు గంగరాజు
వాకిట్లో పూలకుండీల గట్టు మీద
నల్ల గ్రానైటు పలక పరిపిస్తానన్నాడు,
మనవాళ్ళ పేర్లన్నీ, వరస తప్పకుండా.
అక్షరానికి నలభై.
వట్రుసుడికీ గుడిదీర్ఘానికీ వేరే లెక్క లేదట.

నాన్న వైపు తేలిగ్గానే తెమిలింది.
పొలం దస్తావేజుల్లో అందరూ ఉన్నారు,
దావాలు వేసుకున్నవాళ్ళు రెండేసి సార్లు.
అమ్మ వైపే, ఒక్క మనిషి దగ్గర ఆగిపోయాను.
అమ్మమ్మ తండ్రి, కేతా మరిడయ్య,
కొత్తలంక లాకుల మీద లస్కరు.

ఆయన మిగిల్చింది ఒక ఇత్తడి బిళ్ళ. నంబరు పదిహేడు.
దొడ్డమ్మ దాన్ని బియ్యం డబ్బాలో వేసి ఉంచుతుంది.
పురుగు పట్టదంటుంది.

ధవళేశ్వరంలో పాత కాయితాల గది.
"పోయినోళ్ళ పింఛను ఇక రాదండి" అన్నాడు గుమస్తా
నేను నోరు విప్పకముందే.
పింఛను కాదు, మనిషి కావాలన్నాను.
చెదలు సగం చదివేసిన కట్ట ఒకటి దించాడు.

పడవ పేరు, సరంగు పేరు, ఎక్కణ్ణించి, ఎక్కడికి,
సరుకు, సుంకం.
ధాన్యం. బెల్లం. కొబ్బరికాయలు. సున్నం. మళ్ళీ ధాన్యం.
మూడు రోజులు, వేలి కొస నల్లబడేదాకా.
నాలుగో రోజు, శ్రావణమాసపు పేజీలో
ఎర్ర సిరా:

పదిహేడో నంబరు లస్కరు రాత్రివేళ ఉత్తర్వు లేకుండా
తలుపులు తీసి పడవ ఒకటి దించినాడు.
చీటీ లేదు. సుంకం లేదు.
జుర్మానా ఎనిమిదణాలు.

సరుకు గడిలో మరిడయ్య చెప్పిందే రాసుకున్నట్టున్నారు,
అబద్ధం చేతకానివాడు కాబోలు:
మనిషి ఒకటి. చంటిది ఒకటి.

దిగువ లాకు రిజిష్టరు కూడా ఇమ్మన్నాను.
ఉంది. తెల్లవారుజామున
అదే పడవ, అదే సరంగు.
మనిషి ఒకటి, అని ఉంది.
ఆ తర్వాత చుక్క.

బస్సు రావులపాలెం చేరేదాకా ఆ చుక్కనే చూస్తూ కూచున్నాను.
అమ్మమ్మ శ్రావణంలో పుట్టిందనే అనేవారు.
పెళ్ళయిన పద్నాలుగేళ్ళకి
మరిడయ్య పెళ్ళాం గవరమ్మకి ఒక్కత్తే కూతురు,
ఆ కాన్పుకి పిలిచిన మంత్రసాని ఎవరో
ఊళ్ళో ఎవరూ చెప్పలేదు ఎప్పుడూ.
మరోలా కూడా అనుకోవచ్చు, నిజమే.
రెండు లాకుల మధ్య ఏడు మైళ్ళ నీళ్ళు.
కాలవ ఏదిచ్చినా వద్దనదు.

వేసవిలో కాలవలు కట్టేశాక
కుచ్చెళ్ళు ఎగదోపుకుని అమ్మమ్మ
లాకు కింద బురదలోకి దిగేది.
మేం గుల్లలు ఏరుకుంటూంటే
దిగువకి తిరిగి నిలబడేది,
నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.
ఏం చూస్తున్నావే అంటే
"ఏం లేదే, నీళ్ళెటు పోయాయో అని."

తనకి తెలుసో తెలీదో.
ఆ మాట అడగడానికి నాకు నలభయ్యేళ్ళు ఆలస్యమైంది.

తమ్ముడికి మొత్తం చెప్పలేదు.
పేరంటాలు అని అమ్మమ్మ పేరు చెక్కించు,
ఆ పైన మరిడయ్యనీ గవరమ్మనీ,
జుర్మానా కట్టినవాళ్ళు గనక, పెద్ద అక్షరాల్లో.
పక్కన ఒక పేరు పట్టేంత చోటు వదిలెయ్ అన్నాను.
"ఎవరక్కా?"
ఎవరో.

"ఖాళీకి డబ్బుల్లేవండి, ఆయ్" అన్నాడు చెక్కే కుర్రాడు.
అయినా సరే బాబూ, అక్కడ కొంచెం
లోతుగా తొలుచు.
వానొస్తే నాలుగు చుక్కలు నిలవాలి.