సర్కారు తుమ్మ

తోట షేకు దాన్ని గువైఫ్ అన్నడు.
మా ఫోర్మన్ గుల్ జమాన్ వలాయతీ కీకర్ అన్నడు.
తిరునల్వేలి సెల్వం సీమ కరువేలం అన్నడు.
నేను అరచేతిల దిగిన ముల్లును
పండ్లతోని గుంజి ఉమ్మి,
సర్కారు తుమ్మరా ఇది, అన్న.
ఎవని నోట జెప్పినా దానికి ఒక్కటే అర్థం:
ఇది మాది గాదు.

రస్ అల్ ఖైమాల, రాతిగుట్టల కింద,
బాయిలు ఉప్పుదేలి ఖర్జూరాలు తలలు వాల్చిన కాడ
మున్సిపాలిటోళ్లు మాకు లెక్క జెప్పిండ్రు.
ఆకుపచ్చ రిబ్బను గట్టిన చెట్టు ఉండాలె.
కట్టంది పోవాలె.

రిబ్బను చెట్లు గాఫ్ చెట్లట.
నాలుగు దినాలు వాటి పక్కపొంటే కోసిన, సూడలే.
ఐదోనాడు నీడకు కూసొని ఊకనే ఒక రెమ్మ తెంపితే
జమ్మి!
మా ఊళ్లె దసరానాడు ఎండుకొమ్మ పాతి మొక్కేది,
ఇక్కడ మిద్దెంత ఎత్తు,
ఒంటెలు అందినకాడికి మేసి
అడుగంతా కత్తెర పెట్టినట్టు సాపు జేసినయి.
నాలుగాకులు జేబుల ఏసుకున్న.
బంగారం ఇచ్చుకునేటందుకు ఎవలున్నరని,
సెల్వం చేతుల పెడితే వాడు వాసన జూసి నమిలిండు.

ఇంజినీరు హుదా మేడం చెప్పింది,
గాఫూ గువైఫూ పాలోళ్లేనట.
ఒకటి ఈడ పుట్టింది.
ఒకటి అమెరికా దిక్కుది,
ఇసుకను ఆపుతదని తెచ్చిండ్రు.
తెచ్చిండ్రు.
గా మాట రాత్రి రూముల బంకుమంచం మీద
మళ్లొక్కసారి అనుకున్న.

నేను పుట్టిననాడు నీళ్లు కాగింది దీని కట్టెలతోనే.
మా నాయిన బొగ్గుబట్టీ కాడ
దగ్గుకుంట తిట్టేది దీన్నే.
మోకాలెత్తుల కోస్తం, మొద్దుకు నీలంమందు పూస్తం,
ఇరవై దినాలకు నీలం మచ్చ పక్కనించే
సిగురు, మ్యాకపిల్ల చెవులంత మెత్తగ.
ఒకసారి జేసీబీతోని వేరెంట పోయినం.
మనిషి మునిగే లోతు, ఇంకో మనిషి మునిగే లోతు,
అయినా ఒడుస్తలేదు.
మన్ను పిడికిట్ల పడితే తడి.
వాన ముఖం జూడని ఆ నేలల
దానికొక్కదానికే తెలిసిన తడి.

బేస్తారం నాడు పెద్ద పొద.
మిషిను ఆపుమని గుల్ జమాన్ చెయ్యెత్తిండు.
ముండ్ల నడుమ మనిషి వంగి పోయేటంత సందు,
లోపట ఊడ్చిన నేల.
మడతపెట్టిన చాప, మసిగిన్నె, ఒక చెప్పుల జత,
కొమ్మకు చక్కగ ఆరేసిన గళ్ల లుంగీ.
లుంగీ ఇంకా తడిగనే ఉంది.

ఖల్లివల్లి, అన్నడు గుల్ జమాన్ మెల్లగ.
ఏ దేశపోడో అడగలే. ఏ దేశపోడో నేనూ అనుకోలే.
జమ్మి మీద ఆయుధాలు దాస్తరు,
మనిషిని దాచాల్నంటే మాత్రం ముండ్లే గావాలె.

సంచీలకెల్లి రిబ్బను తీసి
పొద మొదట్ల గట్టిన.
ముడి ఏసేటప్పుడు మూడు ముండ్లు దిగినయి.

ఐతారం మేడం లెక్కకొచ్చింది.
పొద ముందట చానసేపు నిలబడ్డది,
పసుపు కంకినొకటి వేళ్ల నడుమ నలిపింది.
లోపల్నించి ఎవరో దగ్గు మింగిన సప్పుడు.
ఆమె కాయితం మీద వంగి రాసుకున్నది:
గాఫ్. ఒకటి.