బెజ్జం

మిల్లు మూసేశాక నాయిన ఇంటికి తెచ్చుకున్నది
ఒక బెంచి వైసు, మూడు ఆకురాళ్లు,
రొమ్ములో సగం దాకా జనపనార.

నెల్లిమర్ల స్టేషన్ రోడ్డులో మా రేకుల షెడ్డు.
సైకిల్ రిమ్ము ఒకటి వేలాడుతుంటుంది,
అదే బోర్డు.

శివరాత్రి ఇంకా పది రోజులుందనగా
బంగారమ్మ వచ్చింది, గోనెలో చుట్టిన గాలి తుపాకీతో.
రామతీర్థం జాతరలో బూరల కొట్టు ఆమెది.
"మేస్త్రీ, దీని పొగరు తగ్గించాల.
నిరుడు గుండు బూరని దాటి, గుడ్డని దాటి, చెక్కని దాటి
ఎనకాల జీళ్లమ్ముకునేవోడి తక్కెట్లో పడ్డాది.
తక్కెట్లో పడ్డాది కాబట్టి నవ్వుకున్నాం."

ఆ పూటే గుర్ల నుంచి తవిటినాయుడు,
కొత్త తుపాకీ, కొత్త బూట్లు.
"సిలక పడతంది గానీ మొక్కజొన్నలో పంది నవ్వుతంది.
ఆ బెజ్జం కాస్త పెద్దది సెయ్యి మేస్త్రీ.
డబ్బులకి ఎనకాడను."

బెంచి మీద రెండూ పక్కపక్కన,
తగువు తీరని తోడికోడళ్లలా.

నాయిన ఒకటి విప్పాడు.
స్ప్రింగు బయటికొచ్చి బద్ధకంగా ఒళ్లు విరుచుకుంది.
"ఇంత కోపమూ ఇందులోంచే పోవాల" అని చూపించాడు,
ఆవగింజ అడ్డంపడే బెజ్జం.
కన్ను ఆనించి చూశాను.
అటువైపు మిల్లు పొగగొట్టం, పొగ లేకుండా.
మొత్తం పట్టేసింది.

"పెద్దది చేస్తే ఏటవుద్ది?"

"గాలంతా ఒక్కసారే పోద్ది.
ఎనకాలొచ్చే పిస్టన్‌కి దిండుండదు.
తల గోడకేసి కొట్టుకుంటాది, కొట్టుకుని కొట్టుకుని
తనని తనే పగలగొట్టుకుంటాది.
కాస్త గాలి లోపల మిగలాల...
గుంటా."
ఆ రెండు మాటల మధ్య
రెండుసార్లు ఈల వేసింది ఆయన రొమ్ము.

మిల్లు బాబిన్ల నాటి ఇత్తడి ముక్క తీసి
లేతు మీద సన్నగా చెక్కాడు.
ఒళ్లో బంగారు పొట్టు. బెజ్జంలో ఇంకో బెజ్జం.
పేల్చమని నాకిచ్చాడు.
బూర ఊగింది. పగల్లేదు.
గుండు తప్పయిందన్నట్టు కింద పడింది.
బంగారమ్మ ముఖం వాడిపోయింది:
"పగలకపోతే పది రూపాయలెవుడిస్తాడు?"

మళ్లీ విప్పాడు. వెంట్రుకంత తీశాడు.
మళ్లీ ఊగింది.
మళ్లీ విప్పాడు.
మధ్యాహ్నం చద్దన్నం అలాగే ఉండిపోయింది.
నాలుగోసారి ఠప్పుమంది ఎర్ర బూర,
వెనక గోనె మీద గుండు
అలిసిపోయిన పిల్లాడిలా పడుకుంది.
చెక్కకి గీత కూడా లేదు.
బంగారమ్మ పసుపు బూర ఒకటి ఊది
నా చేతిలో పెట్టింది, పన్నెండేళ్ల దాన్ననుకుందో ఏమో.
నాకు ఇరవై నాలుగు.

రాత్రి నాయిన పడుకోలేడు.
గోడకి ఆనుకుని కూర్చుంటాడు,
ఒక్కో గుక్కా లాగి, తూచి, లోపలికి పంపిస్తాడు.
ఆ బెజ్జాన్ని ఎవరు సన్నం చేశారో
మిల్లు కాగితాల్లో ఎక్కడా రాసి లేదు.
ఆకురాయి అంతవరకూ అందదు.

తవిటినాయుడి తుపాకీ ఇప్పటికీ మేకుకే వేలాడుతోంది.
సంతరోజు వస్తాడు, "ఇంకా అవలేదేటి?" అంటాడు.
"డ్రిల్ బిట్టు ఇరిగిపోనాది బావూ,
ఇశాకపట్నం నుంచి రావాల."
మూడేళ్లుగా అదే బిట్టు, అదే విశాఖపట్నం.

నిన్న మేకులు వెతుకుతూ అగ్గిపెట్టె తెరిచాను.
నూనె రాసి, గుడ్డముక్కలో చుట్టి ఉంది,
మొన కూడా అరగలేదు.
మూసేసి, ఎక్కడిదక్కడే పెట్టాను.