దొంగ!

పెనేదోలో మా క్లబ్బు చొక్కాలు ఉతికేది నేను.
నలభై రెండేళ్ల సబ్బు నా వేలిముద్రలు తినేసింది.
పింఛను ఆఫీసు మెషీను నన్ను మనిషి కాదంటుంది.
అయితేనేం,
ఏ చొక్కా ఎవడిదో మరక చూసి చెబుతాను.

జెనివాల్దోది ఎడమ భుజం మీద మరక.
ముఖం అక్కడే తుడుచుకునేవాడు,
గోలు కొట్టాక కాదు, కొట్టబోయే ముందు.
పదిహేనేళ్లకి చేపముల్లులా ఉండేవాడు.
పియాబా అని పిలిచాం,
మా సావ్ ఫ్రాన్సిస్కో నదిలో
గుప్పెళ్లకొద్దీ పడితే గానీ
ఒక వేపుడుకి చాలని చేప.

మా మైదానంలో ఒక మాటుంది.
బంతి నీ కాళ్ల దగ్గరుండి
వెనక నించి ఎవడో మీదికొస్తుంటే
నీవాడు అరుస్తాడు: లద్రావ్!
దొంగ!
కుడి నించా, ఎడమ నించా, ఎంత దగ్గరికొచ్చాడు,
అదంతా అరుపులోనే ఉంటుంది.
పియాబా ఆ అరుపు చెవితో వినేవాడు కాదు, మడమతో వినేవాడు.

తెల్లబూట్ల ఏజెంటు ఒకడొచ్చి
రెండు సెట్ల జెర్సీలు, ఒక పాత వాషింగ్ మెషీను
మా క్లబ్బుకిచ్చి వాణ్ణి తీసుకెళ్లాడు.
మెషీను మూడు నెలలు తిరిగింది.
వాడు పంతొమ్మిదేళ్లు తిరిగాడు.

పోర్చుగల్లో మన భాషే కదా అని దిగితే
అక్కడివాళ్లు "వీపు!" అని అరిచారు.
చొక్కాకి ఏమంటుకుందోనని తడుముకున్నాడట,
ఈలోగా బంతి పోయింది, చోటూ పోయింది.
ఫిన్లాండులోనూ వీపే, కానీ సెల్కా.
"అది నేర్చుకునేసరికి మంచు పడింది,
నారింజరంగు బంతి తెచ్చారు,
దాన్ని తన్నాలనిపించలేదు, ఒలుచుకు తినాలనిపించింది"
అని ఫోన్లో నవ్వాడు.
వాడికి మధ్యాహ్నం, నాకు తెల్లవారుజాము.
నవ్వు కాస్త ఎక్కువసేపు నవ్వాడు.

సైప్రస్ అధ్యక్షుడు, దేశానికి కాదు క్లబ్బుకి,
నాలుగు నెలల జీతం కింద
ఆలివ్ నూనె డబ్బాలిచ్చాడు.
తొత్తోరిలో ఒక ముసలాయన
ప్రతి ఆటకీ కొడి పట్టుకొచ్చి ఊపేవాడట.
పియాబాకి మోకాలు తెగాక కూడా
ఎనిమిది ఆటలకి తెచ్చాడు.
దాని మీద వాడి పేరు తప్పుగా రాసుంది.
సరిచేయమని వాడు చెప్పలేదు.

కువైట్, రెండు థాయ్ ఊళ్లు, మధ్యలో ఏదో ద్వీపం.
ఆ చొక్కా చిత్తుగా చిన్నది, మూడు ఆటలే.
నూట ముప్పైయొక్క గోళ్లని నా లెక్క.
నూట నలభై అంటాడు వాడు,
స్నేహపు మ్యాచులు కలుపుకుని.
స్నేహం కూడా లెక్కలోకి రాదా, అంటాడు.

ముప్పై ఏడేళ్లకి దిగాడు.
తెడ్డు పడవ ఎక్కుతుంటే కుడికాలు ముందు పెట్టి
ఎడమకాలు దానిచేత మోయించినట్టు ఎక్కాడు.
మొన్న ఆదివారం, నది అవతలి నెయోపొలిస్ వాళ్లతో ఆట.
కట్ట మీద బకెట్టుతో నేను.
బంతి అందుకున్నాడు. గోలుకి పదిహేను గజాలు.
భుజం మీద ముఖం తుడుచుకున్నాడు,
అది చూసి నేను లేచి నిలబడ్డాను కూడా.
అప్పుడు మా పదహారేళ్ల వాండెర్లన్
గొంతు చించుకుని అరిచాడు:
లద్రావ్!

తిరగాలి. ఏ పియాబా అయినా తిరుగుతాడు.
వాడు ఆగిపోయాడు.
పిలిచిందెవరో చూద్దామన్నట్టు,
ఎవరో తలుపు తట్టినట్టు.
దొంగ వచ్చాడు, బంతి తీసుకున్నాడు,
అటునించి అటే వెళ్లి మాకు గోలు కొట్టాడు.
కట్ట మీదవాళ్లు వాడి తల్లిని తలుచుకున్నారు.
వాడు మాత్రం ఆ కుర్రాడి దగ్గరికెళ్లి
"ఇంకోసారి అను" అన్నాడు.
"నీకు చెవుడా?" అన్నాడు వాండెర్లన్.
"అను."

ఒకటి–సున్నా. ఓడాం.
చొక్కా ఉతికాను, ఎడమ భుజం దగ్గర రెండుసార్లు.
ఆదివారానికల్లా ఆరాలి.
మా దగ్గర తొమ్మిదో నంబరు ఒక్కటే ఉంది.