తేమ, తరుగు

ఏడో తరగతి దాకా స్వాహిలీలో లెక్క కట్టిన నాలుకలు
జనవరిలో ఒకానొక సోమవారం తెల్లారేసరికి
ఇంగ్లీషులో గుండె గదుల పేర్లు చెప్పాలి.
టాంగా తీరంలో మా బడి పద్ధతి అది.
నేనూ ఆ గోతిలో పడి లేచినవాణ్ణే.
మోకాలి మీద మచ్చ లేదు గానీ
"ఫొటోసింథసిస్" అనబోతే ఇప్పటికీ
దవడ ఒక్క క్షణం ఆగుతుంది.

రోజుకు పది మాటలు రాస్తాను బోర్డు మీద.
అరవై రెండు గొంతులు వల్లె వేస్తాయి.
రేకుల కప్పు వాటిని కాసేపు మోసి
కిటికీలోంచి బయట పారబోస్తుంది.
"స్నో అంటే ఏంటి సార్?" షెకువె అడిగాడు.
చేపల బండిలో ఐసు గీకితే రాలే పొడి అన్నాను.
మర్నాడు వాడు రాసిన వాక్యం: స్నో కంపు కొడుతుంది.
మార్కు వేశాను. వేయక ఏం చేయను?

మ్వానహావా మాత్రం వల్లె వేయదు.
వెనక బెంచీలో పెదవి కదపకుండా కూచుంటుంది,
బెంచీ కింద వేళ్లు మాత్రం
గాలికి ఏదో ముడి వేస్తుంటాయి.
ఒకసారి కోప్పడ్డాను.
ఒకసారి కాదు, మూడుసార్లు.

అమావాస్య పాటుకు సముద్రం మైలు వెనక్కి తగ్గిన రోజు
బడికి రాని పిల్లల్ని వెతుక్కుంటూ దిగాను,
ప్యాంటు మడిచి, చెప్పులు చేతబట్టి,
ఏ ముల్లు ఎక్కడ గుచ్చుకుంటుందోనని గుటకలు మింగుతూ.
గుంజకూ గుంజకూ మధ్య తాడు లాగి
తల్లి పక్కనే నడుం వంచి ఆ పిల్ల
నాచు తుంచి పురికొసతో కడుతోంది.
ఒక్కో ముడికి ఒక్కో మాట.
"యాంకర్." ముడి.
"షాలో." ముడి.
"పేషెన్స్" దగ్గర ముడి జారింది. మళ్లీ వేసింది.
"ఎన్ని నిలుస్తాయే?" అన్నాను.
"నాచు లాగే సార్. కొన్ని చేపలు కొరుక్కుపోతాయి,
కొన్ని పోటు ఎత్తుకుపోతుంది.
తాడు ఖాళీ అయిన చోట మళ్లీ కట్టుకోవాలి."
ట్రైనింగు కాలేజీలో రెండేళ్లు కూచున్నాను,
ఇంత మాట ఎవరూ చెప్పలేదు.

నెలన్నరకు కొనేవాడు వచ్చాడు,
త్రాసుతో, రసీదు పుస్తకంతో.
ఎండిన నాచు బస్తాలు కొక్కేనికి వేలాడాయి.
తల్లి బొటనవేలి కోసం సిరాపెట్టె మూత తెరిచాడు.
మ్వానహావా రసీదు మీదికి వంగింది.
నేను బోర్డు మీద ఎన్నడూ రాయని మాటలు రెండు:
మాయిశ్చర్. డిడక్షన్.
మొదటిది సైన్సు పుస్తకంలో మబ్బుల దగ్గర చూసింది.
రెండోది తెలియదు.
దాని పక్కనున్న పదకొండు కిలోలు తెలుసు.
"ఎక్కడ తేమ?" అంది, మామూలు గొంతుతో,
నీళ్లు కావాలా అని అడిగినట్టు.
బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు నాచు తీసి నలిపింది.
పెళపెళమంది.
అతను నవ్వాడు. కంపెనీ రూలన్నాడు.
చుట్టూ ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు.
పదకొండు కొట్టేసి ఆరు రాశాడు.
సున్నా రాయలేదు.
తల్లి వేలిముద్ర వేసింది.

మర్నాడు నేను వెళ్లేసరికే బోర్డు మీద
ఎవరో ఒక మాట రాసిపెట్టారు,
రెండు స్పెల్లింగు తప్పులతో: డిడక్షన్.
దిద్దాను. ఇంగ్లీషులో అర్థం చెప్పబోయాను.
దవడ ఆగింది.
స్వాహిలీలోనే చెప్పాను.
ఎవరూ వల్లె వేయలేదు.
షెకువె కూడా ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం గంట కొట్టేవేళకు
నా బల్ల మీద ఇరవై ఏడు రసీదులు,
కొన్నిటికి ఇంకా ఉప్పు అంటుకుని.