ఫ్రేములో పడిన చెయ్యి

"నా పేరు మారెన్ కొవారిక్. క్యాచర్ని.
విసరడం కుడిచేత్తో, కొట్టడం కుడివైపు నుంచి.
వచ్చే మే నెలలో హైస్కూలు అయిపోతుంది."
ఇంతే, మూడు ముక్కలు.
మొదటిసారి గాలి మింగేసింది.
రెండోసారి బొగ్గు రైలు.
నూట ముప్పై రెండు పెట్టెలు,
లెక్కపెట్టాం, వేరే పనేముంది గనక.
మూడోసారి అక్కకి నవ్వొచ్చింది,
నాలుగోసారి నాకు.
పదకొండోసారికి తన పేరు తనే
ఎవరి దగ్గరో అద్దెకి తెచ్చుకున్నట్టు పలికింది.
అదే బాగుందంది అమ్మ.

కెమెరా నాది. అంటే ఫోను అమ్మది, వేళ్ళు నావి.
స్టాండు లేదు. ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి
దానిమీద ఇటుక, ఇటుకకి టేపు.
కోచ్ రాసిచ్చిన కాగితం నా జేబులో:
ఎండ నీ వీపు వెనక ఉండాలి.
కాలేజీవాళ్ళు చూసేది మొదటి అర నిమిషమే.
పాటలు పెట్టకు. జారిన బంతులు పెట్టకు.
ఆడేపిల్ల తప్ప ఎవరూ కనబడకూడదు.

నెబ్రాస్కాలో మొక్కజొన్న కోసేశాక
నేలకి గుండు గీసినట్టుంటుంది.
గాలిని ఆపి ఎక్కడికని అడిగేదేదీ లేదు,
ఒక్క ధాన్యం ఎలివేటరు తప్ప.
దాని నీడ మూడో బేసు దాకా వచ్చి
మమ్మల్ని తొందరపెడుతోంది.

ఈ గ్లవ్వులో 'టప్' మన్నప్పటినుంచి
రెండో బేసు గ్లవ్వులో 'టప్' మనేదాకా
రెండు సెకన్లు దాటకూడదట.
అక్కకి ఒక పదో వంతు ఎక్కువ.
ఆ పదో వంతు ఎక్కడ పోతోందో నేను చూశాను,
నెమ్మదిగా తిప్పి, వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి.
మోకాలు లేస్తుంది, భుజం తిరుగుతుంది,
చెయ్యి మాత్రం గ్లవ్వులో దూరి
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె వెతికినట్టు
బంతి కుట్లు తడుముకుంటుంది.
అక్కడే.
చెప్పలేదు. తనకి తెలియనిదా.

రెండో బేసు దగ్గర రొసాల్బా.
తనకి వీడియో లేదు, ఎవరూ తియ్యలేదు.
ఆరింటికి నర్సింగ్ హోములో డ్యూటీ,
బూట్ల కింద యూనిఫారం ప్యాంటే.
"ఇంకో పది వెయ్యి, టైముంది" అంటుంది,
టైము లేకపోయినా.

ఇక బ్యాటింగు.
వల వెనక బకెట్టు మీద కూచుని
అమ్మ కిందిచేత్తో బంతులందిస్తుంది.
ఒకప్పుడు ఈ మైదానంలోనే పిచ్చరు.
భుజం పోయి ఇరవై రెండేళ్ళు.
డబ్బాని ఎటు జరిపినా అమ్మ చెయ్యి పడుతోంది,
మణికట్టు, వాచీ లేని చోట తెల్లటి గీత,
తుంటిని రాసుకుంటూ వచ్చి
బంతిని వదిలి మాయమయ్యే నాలుగు వేళ్ళు.
"కోసెయ్" అంది అమ్మ.
కోస్తే బంతి గాల్లోంచి ఊడిపడుతుంది.

అరవై బంతులయ్యాక అమ్మ లేచింది.
"ఒక్కటి. కూచో" అంది అక్కతో.
మాస్కు కూడా వేసుకోనివ్వకుండానే
వెళ్ళి తెల్లగీత మీద నిలబడింది.
చెయ్యి గాలిమరలా ఒక్క చుట్టు,
దుమ్ములో కాలు ఈడ్చిన చారిక,
తర్వాత చప్పుడు.
ఎలివేటరు మీది పావురాలు లేచిపోయాయి.
అక్క గ్లవ్వు విప్పి అరచెయ్యి చూసుకుంది.
అమ్మ భుజం పట్టుకుని, ముఖం అటు తిప్పుకుని
"కాఫీ ఫ్లాస్కేదీ" అంది.

నేను కెమెరా ఆపలేదు.

రాత్రి వంటింటి బల్ల మీద
గంటన్నర వీడియోని మూడు నిమిషాలు చేశాను.
కాగితం చెప్పినట్టే అన్నీ తీసేశాను,
రైలు, నవ్వులు, జారినవి ఏడు,
పావురాలు.
అమ్మ నాలుగు వేళ్ళు మాత్రం ఉంచాను.
ముప్పై ఎనిమిది కాలేజీలకి పంపాం.
మెమరీ నిండిందని ఫోను గొడవపెడితే
నా ట్రంపెట్ ప్రాక్టీసులన్నీ చెరిపేశాను.
ఎలాగూ బాగాలేవు.

పొద్దున్న చూశాం.
చూసినవాళ్ళు: నలుగురు.
ముగ్గురం మేమే.
నాలుగోది రొసాల్బా అట,
డ్యూటీ దిగొచ్చి, బస్సులో,
దూరంగా చుక్కంత కనబడే
తన గ్లవ్వు చూసుకుందట.